పేరిరాయుడి పెండేరం

మాఘమాసం రాగానే కొండవాగు సన్నబడింది. జలపాతం పలచని తెరలా మారి, దాని వెనక గుహ నల్లగా నోరు తెరుచుకుని కనిపించింది.

"చెప్పానా చిన్నాన్నా!" గంగులు కేక పెట్టాడు. "నీటితెర వెనక వీరుడు, వీరుడి పాదాన పసిడి పెండేరం! తాత పాటలో ఉండేది ఈ చోటే!"

ఎల్లుండి ఏకాదశి. ఆ రోజు తాత ఊరి నడుమ పేరిరాయుడి కథ పాడతాడు. శత్రువులు చుట్టుముట్టినప్పుడు, అది తన నుదుటి రాత అని నవ్వుతూ అమ్మవారికి తల కోసి ఇచ్చి దొరను గెలిపించిన వీరుడతడు. "తల ఇచ్చెను" అనే చరణం రాగానే పాటగాడి ఇంటి మగవాడొకడు కత్తితో చేయి కోసుకుని వీరుడికి నెత్తురు పెట్టాలి. నిరుడు చిన్నాన్న పోలయ్య వంతు. ఈ ఏడు గంగులు వంతు. ఆ వేళ వీరుడి పెండేరమే కాలికి తొడుక్కోవాలని గంగులు పంతం.

ఆ మాటంటేనే గంగులు చెల్లెలు నాంచారికి గిట్టదు. నిరుడు చిన్నాన్న గాయం చీము పడితే మూడు నెలలు కట్టు మార్చింది తనే. ఆ చేయి ఇప్పటికీ భుజం దాటి లేవదు. ఇప్పుడు అన్న చేయి.

గుహలో అడుగు పెట్టగానే ఆ చీము వాసనే వెయ్యింతలై ఎదురొచ్చినట్లయింది. మోకాటిలోతు గబ్బిలాల పెంట. కాగడా వెలుగుకు దాని మీది పొర కదిలింది. పొర కాదు, బొద్దింకలు! నాంచారి ఓణీతో ముక్కు మూసుకుంది.

"కక్కొస్తందా పిల్లా? ఇట్టాంటి కంపులో పడుకున్నాడంటే వీరుడే మరి!" అన్నాడు పోలయ్య.

చివర గోడకు వీరుడి బొమ్మ చెక్కిన రాయి నిలబడి ఉంది. దాని పాదాల దగ్గరి బండ కింద గంగులు గునపం దూర్చాడు.

"చిన్నాన్నా, ఓ చెయ్యెయ్యి!"

"ఏ చెయ్యిరా? ఒకటి నిరుడే ఇచ్చేశాగా!"

బండ పక్కకు దొర్లింది. పసుపు వెలుగు తళుక్కుమంది. గంగులు ఆత్రంగా లాగాడు. పెండేరంతో పాటు తుప్పు పట్టిన గొలుసు బరబరా వచ్చింది. బంగారాన్ని ఇనుప సంకెలకు కలిపి బిగించారు.

"సంకెలేంది?" గంగులు బిత్తరపోయాడు.

నాంచారి కాగడా రాతి దగ్గరికి పెట్టింది. దాని మీద, తాత తాటాకుల్లో తను నేర్చుకున్న పాత అక్షరాలే. కూడబలుక్కుంది. "దొర... తన కుమారుని తలకు మారుగా... పేరిరాయుని తల... ఇప్పించెను."

"ఇచ్చెను కదే?"

"కాదన్నా. ఇప్పించెను." ఆ అక్షరాలను వేలితో తడిమింది. దొర సిగ్గుపడకుండా గొప్పగా చెక్కించుకున్న రాత! పాటలో ఎవరో ఒక్క అక్షరం మింగేశారు. ఘటోత్కచుడు పడిపోతే అందరూ ఏడుస్తుండగా, అర్జునుడి గండం తప్పిందని కృష్ణుడు సంతోషించాడని తాత చెప్పిన రోజు కూడా ఆమెకు ఇలాగే నోరు చేదెక్కింది.

అంతలో బండ కదిలిన చోటి నుంచి గోడ బీటలు వారింది. పైనుంచి రాళ్లు రాలాయి. వేల గబ్బిలాలు కీచుమంటూ ముఖాల మీద పడ్డాయి.

"పరిగెత్తండి!" పోలయ్య అరిచాడు.

గొలుసు బరువుకు గంగులు మోకాళ్ల మీద పడి నడుం దాకా పెంటలో కూరుకుపోయాడు.

"వదిలెయ్యన్నా!"

"బంగారమే!"

"ఆయన కాలికేసిన సంకెల నువ్వూ ఏసుకుంటావా?"

గంగులు ఒక్క క్షణం చెల్లెలి ముఖం చూశాడు. చేతులు వదిలాడు. పోలయ్య మంచి చేత్తో జబ్బ పట్టి ఈడ్చాడు. ముగ్గురూ నీటితెరలోంచి మడుగులోకి దూకారు. వెనక గుహ నోరు మూసుకుపోయింది.

నాంచారి చెప్పిందంతా విని తాత రెండు రోజులు తన తాటాకులు తిరగేస్తూ కూర్చున్నాడు.

ఏకాదశి నాడు ఆ చరణం దగ్గర ఆగాడు. గొంతెత్తాడు.

"తల ఇప్పించెను!"

"తాతా, తప్పు పాడావు!" జనంలోంచి ఎవరో అరిచారు.

"తప్పు ఇన్నాళ్లూ పాడానయ్యా," అన్నాడు తాత.

గంగులు కత్తి ఒరలోంచి తీయలేదు.