ఆపరేషన్ నెమరు

"గన్ ఇస్తారా సార్?" అడిగాడు సుందర్ రావు.

"వెనిగర్ ఇస్తాను" అన్నాడు చీఫ్ జ్ఞానప్రకాశం.

వరంగల్ స్టేషన్ రోడ్డులో టైప్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు తగిలించుకున్న సీక్రెట్ ఆఫీసు అది. 1985 ఎండాకాలం. ఆర్నెల్లుగా ఫైళ్లు తిరగేసి విసిగిపోయిన సుందర్ రావు, అనగా ఏజెంట్ 41, కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.

"రేపు పదింటికి పరకాలలో పశువుల మేళా. కరువులో మేత లేదు కదా, మనవాళ్లు కొత్త దాణా చేశారు. తవుడు, బెల్లం మడ్డి, సోయా పిండి, చిటికెడు యూరియా."

"పొలంలో చల్లే యూరియానా?"

"అదే. బర్రె పెద్ద పొట్టలో కోట్ల సూక్ష్మజీవులుంటాయి. యూరియాను అమ్మోనియాగా విడగొట్టి, ఆ నైట్రోజన్‌తో అవి పెరుగుతాయి. వాటినే బర్రె అరిగించుకుంటుంది. అదే దాని ప్రోటీన్. కాకపోతే అంతా నిదానంగా జరగాలి. అమ్మోనియా ఒక్కసారిగా పుట్టి రక్తంలోకెక్కితే అరగంటలో పశువు ఫినిష్. విరుగుడు చల్లటి నీళ్లు, వెనిగర్."

"కడుపుమంట ఎవరికి?"

"వాన్ రీక్‌కి. మనకు విదేశీ దాణా అమ్మే ముఠా నాయకుడు. రేపు ఫోటోగ్రాఫర్ల ముందు నలభై పశువులను పడగొడతాడట. ఎలాగో తెలియదు. వాడి సెక్రటరీ సరస్వతి మన మనిషే. 'పొట్టలెన్ని' అని అడుగు. 'నాలుగు, ఆకలి ఒకటే' అంటుంది. పనయ్యాక 'నెమరు' అని టెలిగ్రామ్ కొట్టు."

మర్నాడు తొమ్మిదింటికల్లా పశువుల కాంపౌండరు వేషంలో, చంకన మందుల పెట్టెతో సుందర్ రావు మేళాలో తిరుగుతున్నాడు. డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు, బర్రెను ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. పెన్ను క్యాప్‌లో దాచిన ఎర్ర లిట్మస్ కాగితాన్ని దాణాలో గుచ్చాడు. అమ్మోనియా ఉంటే నీలం కావాలి, ఎరుపు ఎరుపుగానే ఉంది. ఇంకో బస్తా. అదీ అంతే. వాచీ చూసుకున్నాడు, రెండు నిమిషాలకే మళ్లీ చూసుకున్నాడు.

మొదటి గుంజకు కట్టిన బర్రె సోమక్కది. రెండెకరాలు ఎండిపోయాక ఆ ఇల్లు దాని పాల మీదే నడుస్తోంది. వరసలో మొదటిది కాబట్టి సుందర్ రావు ఆమెకు ముందుగానే ఒక గిన్నెడు దాణా ఇచ్చి, "అక్కా, పొడిగానే పెట్టాలి. పదింటికే" అని గట్టిగా చెప్పాడు.

"గట్లనే సారూ" అంది సోమక్క.

నల్ల కళ్లద్దాలు, షిఫాన్ చీర, పేడ కంపును సైతం ఓడించే సెంటు. సరస్వతి పక్కకొచ్చి నిలబడింది.

"పొట్టలెన్ని?"

"నాలుగు, ఆకలి ఒకటే. విషం ఎక్కడా లేదు. ల్యాబ్ రిపోర్టు క్లీన్. నిన్న సోయా బస్తాలు మార్చారంతే. వేయించింది తీసేసి పచ్చిది పెట్టారు."

అంతేనా? సుందర్ రావు మనసు ఒక చోట నిలవడం లేదు. తొమ్మిది యాభై.

"ఓ సారూ! జర ఇటు రా! కండ్లు మండుతున్నయ్!"

సోమక్క బకెట్ దగ్గర ముక్కు మూసుకుని నిలబడి ఉంది. దాణా మొత్తం కుడితిలో నానబెట్టేసింది.

"పొడిగా పెట్టమన్నాను కదక్కా!"

"పొడిది గొంతు దిగుతదా సారూ? మా అమ్మ కాడికెల్లి కుడితిల నానబెట్టుడే. రెండు బుక్కలు తాగి మొఖం తిప్పుకున్నది నా బర్రె. చూడు, వణుకుతాంది!"

కాగితం ముంచాడు. ఎర్రటిది చూస్తుండగానే నీలమైపోయింది.

అప్పుడు తట్టింది. పచ్చి సోయాలో ఒక ఎంజైమ్ ఉంటుంది, వేయిస్తేనే చస్తుంది. తడి తగిలిందా, యూరియాను క్షణాల్లో అమ్మోనియా చేసి పారేస్తుంది. పొడిలో ఏ ల్యాబ్‌కీ దొరకదు. పొట్టలోనేమో అంతా తడే!

"ఆపండి! దాణా పెట్టకండి!"

కాంపౌండరు మాట ఎవరు వింటారు? మైకులో పాట మోగుతోంది. రిబ్బన్ తెగింది. కలెక్టరు తొలి గంప అందుకున్నాడు. సుందర్ రావు ఒక్క ఉరుకున వెళ్లి ఆ గంపను తన్నేశాడు. జనం కెవ్వుమన్నారు. వెనక అతిథుల కుర్చీల్లోంచి వాన్ రీక్ చేతిలో రివాల్వర్ లేచింది. "దాణా పాడుచేయించింది వీడే!" అని సరస్వతి అరిచింది.

"నా బర్రెకు మందు వెట్టింది నువ్వేనారా, బాడ్కావ్!"

సోమక్క విసిరిన బకెట్‌లోని కుడితి మొత్తం వాన్ రీక్ మొహాన పడింది. కళ్లు పట్టుకుని కూలబడ్డాడు. సరస్వతి ఎత్తు మడమల చెప్పుతో రివాల్వర్‌ను దూరంగా తన్నింది. మిగతాది పోలీసులు చూసుకున్నారు.

సుందర్ రావు అప్పటికే బర్రె దగ్గరున్నాడు. దాని మూతి నిండా నురగ, డొక్క ఉబ్బుతోంది. సోమక్క ఏడుస్తూనే దాని తల ఎత్తిపట్టింది. సుందర్ రావు వెదురు గొట్టంతో వెనిగరూ చల్లటి నీళ్లూ పట్టించాడు. మళ్లీ పట్టించాడు. గన్‌కు ఎదురు నిలబడ్డా ఇంత భయం వేసేది కాదు అనుకున్నాడు. ఇరవై నిమిషాలకు వణుకు తగ్గింది. గంటకు బర్రె పడుకుని, దవడ మెల్లగా ఆడించింది.

"నెమరేస్తాంది సారూ!" సోమక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇంత సదువుకున్నరు, దాణా నానబెట్టాలని తెల్వదా మీకు?"

పోస్టాఫీసులో క్లర్కు రాయమల్లు ఫారం మీది 'నెమరు' అన్న ఒక్క మాటనూ రెండుసార్లు చదివాడు. సుందర్ రావు ఖాకీ చొక్కా వంక, దాని మీది నురగ వంక చూశాడు.

"బర్రె నెమరేస్తే గూడ టెలిగ్రామ్ కొడతరా సార్?"