ఏకచెవికి పెట్టిన బొట్టు

హిమజ మౌస్‌ని టేబుల్ మీద దబదబా కొడుతోంది. ఐదు స్పీకర్లకీ పచ్చ లైట్ వెలుగుతోంది, సౌండ్ మాత్రం సున్నా! ఇంకాసేపట్లో ఆన్‌లైన్ ఆడిషన్. కాకినాడలో కీబోర్డ్ జోయల్, గుంటూరులో వయొలిన్ మస్తానీ, బెజవాడలో డోలక్ హిమజ. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఒకేసారి వాయించాలి. ఒక్కళ్ళు తగ్గినా టీమ్ అవుట్. జోయల్ అప్పటికే మెసేజ్ మీద మెసేజ్ కొడుతున్నాడు: "ఏయ్, ఉన్నావా? పోయావా?"

కింద ఫ్లాట్‌లో ఉండే ఫణీంద్రని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఈ స్పీకర్లు కనిపెట్టిన సైంటిస్ట్ ఆయనే. మిషన్ పేరు ఏకచెవి. గోడ దాటి స్పీకర్ శబ్దం వెళ్తే ఫైన్ అని బెజవాడలో రూల్ వచ్చాక ఇంటింటికీ ఇదే. మ్యాటర్ సింపుల్. ఐదు పెట్టెలూ కలిసి సౌండ్‌ని ఒక్క మనిషి చెవి దగ్గరే పోస్తాయి. పక్కనోడికి చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా ఉండదు. మైక్ కూడా అంతే, ఆ ఒక్క మనిషి చప్పుడే తీసుకుని మిగతాదంతా చెరిపేస్తుంది. ఎవరా మనిషి అంటే, ఆన్ అయ్యాక మొదట నోరు విప్పినవాళ్ళు. ఇక ఆ రోజంతా వాళ్ళే ఓనర్.

"ప్లగ్ చూశావా?"

"చూశా అంకుల్."

"మ్యూట్‌లో ఉందేమో?"

"నేనేమన్నా ఎల్‌కేజీనా?"

వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టారు. సెట్టింగ్స్‌లో సౌండ్ మానిటర్‌కి పోతోందేమో చూశారు, పోవట్లేదు. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశారు. ఊహూ.

అప్పుడు ఫణీంద్ర వంగి మధ్య పెట్టె చూశాడు. రూపాయి బిళ్ళంత పసుపు, మధ్యలో కుంకుమ. సరిగ్గా మైక్ రంధ్రం మీద.

"ఇదెవరి పని?"

"నాదే నాయనా," అంది హిమజ అమ్మమ్మ సీతారత్నం, వంటింట్లోంచి వస్తూ. "ఇవాళ ఆయుధ పూజ కదా. ఫ్రిజ్‌కి పెట్టా, మిక్సీకి పెట్టా. పాపం దీనికి వద్దా?"

"మనుషుల చప్పుడు మైక్‌కి వినబడితేనే ఇది పలుకుతుంది పిన్నిగారూ. ఇప్పుడు దాని లెక్కలో ఇల్లు ఖాళీ. తుడిచేస్తా."

"చెయ్యి తియ్యి! ఉద్వాసన చెప్పకుండా పూజ బొట్టు తుడుస్తావా? రేపు చూద్దాం."

"రేపటికి నా టీమ్ ఉండదు అమ్మమ్మా!" హిమజ ఆవిడ కొంగు పట్టుకుని గుంజింది.

ఆవిడ కరిగింది. "సర్లే, ఏడవకు. ఇప్పుడే చెప్పేస్తా." తడిగుడ్డతో బొట్టు తుడిచి, పెట్టెని కాస్త కదిపి, "యథాస్థానం ఉద్వాసయామి!" అని గట్టిగా అంది.

టింగ్ మంది ఏకచెవి. ఫణీంద్ర తల పట్టుకున్నాడు.

"అమ్మో, ఎవడో నా చెవిలో 'పోయావా' అంటున్నాడే!" అని ఎగిరిపడింది అమ్మమ్మ. హిమజకి ఏమీ వినబడట్లేదు.

"మార్చండి అంకుల్, త్వరగా!"

"అవ్వదమ్మా. ఎవడూ మార్చకూడదని నేనే లాక్ పెట్టా. రేపటిదాకా ఆవిడే ఓనర్."

హిమజ డోలక్ ఒళ్ళోకి లాక్కుంది. "అమ్మమ్మా, నీకు వినబడే పాటకి తాళం వెయ్యి. నీ చెయ్యి చూసి వాయించేస్తా."

"హిమజా, కానీ మైక్ కూడా..."

"ష్, అంకుల్! మొదలైంది!"

అమ్మమ్మ ముందు మెల్లగా తొడ మీద కొట్టింది. తర్వాత ఊపొచ్చింది. "ఒరేయ్ కాకినాడ అబ్బాయ్, పరుగెందుకురా? రైలేమన్నా తప్పిపోతోందా?" అని ఒక కసురు. హిమజ ఆ చేతి మీంచి కన్ను తిప్పకుండా వాయించింది. వేళ్ళు కందిపోయాయి. ప్రాణం పెట్టేసింది.

కాసేపటికి స్క్రీన్ మీద రిజల్ట్ పడింది.

"టీమ్ సెలెక్ట్. తాళం వేసిన పెద్దావిడ అదరగొట్టారు, స్టేజ్ షోకి ఆవిడ తప్పకుండా రావాలి. డోలక్ అమ్మాయి కనిపించింది గానీ ఒక్క దెబ్బ కూడా వినిపించలేదు. ఆవిడకి తోడుగా రావచ్చు."

హిమజ డోలక్ దించి ఫణీంద్ర వైపు తిరిగింది. ఫణీంద్ర చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగిపోయాడు.

అమ్మమ్మ లోపలికెళ్ళి కుంకుమ భరిణె తెచ్చుకుంది. కుర్చీలో సర్దుకుని కూర్చుని, తన కుడి అరచేతికి శ్రద్ధగా బొట్టు పెట్టుకుంది.