ఒక షేడు ఎక్కువ తెలుపు

ఎదురింటి నర్సు మందుల షాపావిడతో అన్నదట. మందుల షాపావిడ దాన్ని ఉన్నదున్నట్టు, కొంచెం ఉప్పూ కారం మాత్రం తగిలించి, పళ్ళావిడ మరదలికి అప్పగించింది. పాత రాళ్ళ క్వారీ వెనక కొండమీద, పట్టపగలు, ఎవరో పొడుగాటి మగమనిషి మీ వదిన నడుం రెండు చేతులా పట్టుకుని వెనక్కీ ముందుకీ ఊపుతున్నాడట. ఆవిడ నెత్తిన బోర్లించిన గిన్నెలాంటి హెల్మెట్ పెట్టుకుని, సైకిలు పెడళ్ళ మీద నిలబడి నవ్వుతోందట. నర్సు బస్సులోంచి చూసి ముందు నమ్మలేదట. ఆ ఇంటి పళ్ళావిడ నవ్వగా తను పదేళ్ళలో చూడలేదు కనుక, ఇంకెవరోలే అనుకుందట. బస్సు మలుపు తిరిగాక మళ్ళీ చూస్తే ఆవిడేనట.

"నడుం పట్టుకోవడం కల్పించి చెప్పినా చెప్పొచ్చమ్మా, నవ్వడం ఎవరు కల్పిస్తారు చెప్పు" అని మందుల షాపావిడ తీర్పు కూడా ఇచ్చేసింది.

పళ్ళావిడంటే బండిమీద పళ్ళు అమ్మే మనిషి కాదు. పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు తయారుచేసి ఇచ్చే ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. ఊళ్ళో పెద్ద వయసువాళ్ళు సగంమంది నవ్వే నవ్వు ఆవిడ బల్లమీద తయారైనదే. అమ్మానాన్నలు ఏడాది తేడాలో పోయినప్పుడు ఆవిడకు ఇరవయ్యొకటి, తమ్ముడికి పన్నెండు. తమ్ముణ్ణి చదివించింది, ఉద్యోగంలో పెట్టింది, పెళ్ళి చేసింది. తన పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సినవాళ్ళు మిగల్లేదు. ఇప్పుడు ఆవిడకు నలభై తొమ్మిది. తమ్ముడూ మరదలూ వాళ్ళ పన్నెండేళ్ళ కూతురూ ఉన్న ఇంట్లోనే, వీధివైపు గదిలో ఉంటుంది. ఆవిడ తమ్ముడికి అక్క, మరదలికి వదిన, పిల్లకు అత్త.

మందుల షాపు కబురు మోసుకుని మరదలు ఇల్లు చేరేసరికి శనివారం పొద్దున్న ఎనిమిదిన్నర. అక్క వంటింట్లో పిల్ల టిఫిన్ డబ్బా మూత బిగిస్తోంది. మరదలు చేతిసంచి బల్లమీద పెట్టి, మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఇంక చెయ్యడానికి పనేమీ దొరక్క నోరు విప్పింది.

"వదినా, ఒక మాట అడుగుతాను. కోప్పడకూడదు."

"కోపం వచ్చే మాటైతే వస్తుంది. అడుగు."

"రేపు కూడా ల్యాబుకేనా?"

అక్క చేతిలో మూత ఒక్క క్షణం ఆగింది. "ఊఁ."

"వరసగా ఆరు ఆదివారాలు. ఊళ్ళో అందరికీ ఆదివారంనాడే పళ్ళు ఊడుతున్నాయా ఏంటి?"

అక్క మళ్ళీ మూత బిగించడంలో పడింది. మరదలు చెడ్డమనిషి కాదు. స్కూలు ఆఫీసులో రోజంతా పిల్లల తల్లిదండ్రులకు సమాధానాలు చెప్పీ చెప్పీ, ఎవరైనా మాట్లాడకపోతే దాన్ని తప్పు ఒప్పుకోవడం కింద లెక్కగట్టే అలవాటైంది, అంతే. విన్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నడుం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది గాని, సరిగ్గా అప్పుడే తమ్ముడు సగం గీసిన గడ్డంతో, ఒక చెంపకు సబ్బు నురగతో స్నానాలగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎవరే అతను?" అన్నాడు పెళ్ళాంతో.

"నన్నడుగుతారేం? మీ అక్కనడగండి."

"కోచ్" అంది అక్క. "కొండ సైకిలు నేర్పే కోచ్. దిగుడులో తుంటి సీటు వెనక్కి పోవాలి, నాది పోవడం లేదు. నాలుగుసార్లు చెప్పాడు. ఐదోసారి పట్టుకుని జరిపాడు."

పిల్ల కిసుక్కున నవ్వింది. వాళ్ళమ్మ కళ్ళురిమి చూసేసరికి జడ సర్దుకుంటున్నట్టు తల వంచింది.

"కొండ సైకిలేంటక్కా? ఈ వయసులో నేర్చుకోవడమేంటి?"

"నేర్చుకోవడం కాదు. అది నేర్పేవాళ్ళ కోర్సు."

"నువ్వెవరికి నేర్పుతావు?"

"ఎవరికీ నేర్పను. మామూలు క్లాసులన్నీ పిల్లలకేనట. పెద్దవాళ్ళకున్నది ఇదొక్కటే. నేర్పడం వస్తే తొక్కడం దానంతటదే బాగుపడుతుందని చెప్పారు, చేరాను."

చేరడానికి ముందున్న సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పడానికి అందులో సంగతంటూ ఏమీ లేదు కూడా. ఆదివారంనాడు తమ్ముడు ఆఫీసువాళ్ళతో క్రికెట్ ఆటకు పోతాడు. మరదలు పిల్లను ఈతకు తీసుకెళ్ళి, అటునుంచటే పుట్టింటికి వెళ్ళి సాయంత్రానికి వస్తుంది. అక్క నలుగురికీ వండుతుంది. ఒంటిగంటకు ఒక ఫోనొస్తుంది, రెండింటికి ఇంకో ఫోనొస్తుంది, మేం ఇక్కడే తినేశాం అని. మూడు కంచాలు మళ్ళీ అరలో పెట్టేసి, నాలుగోదాంట్లో వడ్డించుకుంటుంది. ఫ్రిజ్ కొత్తగా కొన్నప్పుడు దాని చప్పుడు వినబడదని షాపువాడు చెప్పాడు. ఆదివారాలు ఆవిడకు స్పష్టంగా వినబడేది. ఒక ఆదివారం ఆ చప్పుడు భరించలేక చెప్పులేసుకుని, వచ్చిన బస్సెక్కింది. బస్సు క్వారీ దగ్గర ఆగిపోయింది. అక్కడ సైకిళ్ళు అద్దెకిస్తున్నారు.

"సరే, సైకిలే తొక్కావు. అబద్ధం ఎందుకాడావక్కా?" తమ్ముడి గొంతులో కోపంకంటే ఉక్రోషం ఎక్కువుంది. "నా దగ్గర నువ్వు అబద్ధమాడటం ఇదే మొదలు."

"నిజం చెప్తే వద్దంటావు."

"అంటాను మరి. పడితే? ఏ కాలో చెయ్యో విరిగితే?"

"పడ్డాను."

"ఎప్పుడు?"

"పదిహేను రోజులైంది. పన్ను విరిగింది."

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు రెండడుగులు ముందుకు వేసి, అక్క మొహంలోకి చూశాడు. ఆవిడ బొటనవేలితో పై పెదవి ఎత్తి చూపించింది. ముందుపన్ను. పక్కవాటికంటే తెల్లగా, ఇప్పుడు చూస్తే ఎవరికైనా తెలిసేటంత తెల్లగా ఉంది.

"ఆ సోమవారమే డాక్టరు అరగదీశాడు. తొడుగు నేనే చేసుకున్నాను. అది తయారయ్యేదాకా రెండ్రోజులు ల్యాబు మాస్కు వేసుకుని ఇంట్లో తిరిగాను. జలుబేమో అని ఎవరైనా అడుగుతారని, అడిగితే ఏం చెప్పాలో కూడా ఆలోచించుకుని పెట్టుకున్నాను."

అడిగిన గుర్తు ఎవరికీ లేదు.

"రంగు కుదర్లేదా వదినా?" అంది మరదలు చిన్నగా. అడగాల్సింది అది కాదని అన్నాక తెలిసింది.

పని మాట వచ్చేసరికి అక్క నిటారుగా నిలబడింది. "ఇరవై రెండేళ్ళలో నేను చేసిన పన్ను రంగు కుదరక వెనక్కి రాలేదు. ల్యాబులో నమూనా పళ్ళ పలకుంటుంది, పదహారు షేడ్లు. నోరు చూస్తే చాలు, పలక తియ్యకుండానే నంబరు చెప్తాను. నా నంబరు నాకు తెలీదా? ఒక షేడు ఎక్కువ తెల్లగా చేశాను. కావాలనే చేశాను."

"ఎందుకక్కా?"

"ఎవరైనా చూస్తారేమోనని."

వీధిలో పాలవ్యాను హారన్ కొట్టుకుంటూ పోయింది. తమ్ముడు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. చెంపమీద నురగ ఎండి తెల్లటి పొట్టులా లేస్తోంది. ఈ బల్ల దగ్గరే, ఈ కుర్చీలోనే, ఆవిడకు ఎదురుగా పదిహేను రోజులు అన్నం తిన్నాడు. ఉప్పు అందించమన్నాడు, అందుకున్నాడు.

"అక్కడ మొదటి రోజే కోచ్ ఏమన్నాడో తెలుసా" అంది అక్క, పిల్ల డబ్బాను సంచిలో పెడుతూ. "రాయి కనబడగానే మీ ఎడమ మోచెయ్యి బిగుసుకుంటోంది అన్నాడు. కుడిది బాగానే ఉందట, ఎడమదేనట. నాకు ఏడుపొచ్చింది. నాకో మోచెయ్యి ఉందని చూసి చెప్పిన మనిషి ఈ మధ్య ఎవరున్నారు?"

మామూలు మాటలా అంది గాని, డబ్బా సంచిలో తలకిందులుగా పెట్టింది. పిల్ల దాన్ని తీసి సరిగ్గా పెట్టుకుంది.

"రేపు ఏముందత్తా?"

"రేపు ఆఖరు. సైకిలు బొత్తిగా రాని మనిషినొకళ్ళని వెంట తెచ్చుకుని, కోచ్ చూస్తుండగా గంటసేపు నేర్పాలి. అందులో నెగ్గితేనే కోర్సు పూర్తయినట్టు. మిగతావాళ్ళు మొగుణ్ణో, పెళ్ళాన్నో, అమ్మనో తెచ్చుకుంటున్నారు."

"మరి నువ్వు?"

"నాకెవరూ లేరని చెప్పాను. ఎవరో ఒకళ్ళని చూస్తానన్నాడు, దొరక్కపోతే మళ్ళీ ఏడాదికేనట."

తమ్ముడు తలెత్తాడు. "ఎవరూ లేరని చెప్పావా?"

"చెప్పాను."

"నాన్నకి సైకిల్ రాదుగా" అంది పిల్ల. "స్కూల్లో అందరి నాన్నలకీ వచ్చు."

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తాడు. ఇరవై అంతస్తుల గుంతలోకి తాడు పట్టుకుని దిగుతాడు. సైకిలు మాత్రం ఎక్కలేదు. చిన్నప్పుడు అడిగాడు, ఏడ్చాడు, ఒక పూట అన్నం మానేశాడు. అక్క ఎక్కనివ్వలేదు.

"పడితే చూసేవాళ్ళు లేర్రా అనేదానివి" అన్నాడు.

"అప్పుడు నిజంగానే లేరు."

అతను లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు. ఒక చెంప నున్నగా, రెండోది గరుగ్గా ఉంది. "ఎన్నింటికి?" అన్నాడు.

"ఏడింటికి. నీకు క్రికెట్ ఉందిగా."

"ఎన్నింటికో చెప్పావుగా. చాలు."

మర్నాడు నలుగురూ బస్సెక్కారు. మరదలు నీళ్ళ సీసాలూ, దూదీ, అయోడినూ, కట్టు గుడ్డా సర్దుకొచ్చింది. ఎదురింటి గేటు దగ్గర నర్సు కనబడితే కావాలనే ఆగి, "మా వదినకివాళ పరీక్షండీ" అని గొంతెత్తి చెప్పి మరీ బస్సెక్కింది.

క్వారీ వెనక గడ్డి వాలు ఒకటుంది. కోచ్ అట్ట పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. నేర్పేవాళ్ళకు అక్కడొక పద్ధతి. శిష్యుడు ఒక చుట్టు పూర్తిచేసేదాకా నోరు మెదపకూడదు. ఊరికే చూడాలి. చుట్టు అయ్యాక ఒక్క మాట చెప్పాలి. రెండు చెప్తే మార్కులు పోతాయి.

అక్క సైకిలు సీటు బాగా కిందికి దించింది. తమ్ముడు రెండు కాళ్ళూ నేలకానించి, గడ్డిమీద నెట్టుకుంటూ కదిలాడు. ఆవిడ చూసింది.

నడినెత్తిన జుట్టు పలచబడింది. ఎప్పుడు పలచబడిందో తెలీదు. కుడి భుజం ఎడమదానికంటే కిందికుంది. నాన్నకూ అలాగే ఉండేది. ఆవిడ మనసులో ఇన్నాళ్ళూ తిరిగిన తమ్ముడికి పన్నెండేళ్ళే. ఆ పిల్లాడు ఎప్పుడు పోయాడో, ఈ నలభై ఏళ్ళ మనిషి ఆ చొక్కాలోకి ఎప్పుడొచ్చాడో ఆవిడా చూడలేదు. ఇంట్లో ఎవరూ ఎవర్నీ చూడకపోవడమన్నది తనతో మొదలై తనతో ఆగిన జబ్బేం కాదని ఆ గడ్డిలో నిలబడి ఉండగా తెలిసింది.

చుట్టు పూర్తయ్యేసరికి చెప్పాల్సినవి నోట్లో పది పోగయ్యాయి. వేళ్ళు బిగించకు. పళ్ళు కొరుక్కోకు. మోకాళ్ళు వదులు చెయ్యి. ముందు బ్రేకు ముట్టుకోకు. వాటన్నిటికంటే పెద్దది ఇంకోటుంది. నాలుగడుగులకోసారి అతను తల తిప్పి, అక్క ఉందా లేదా అని చూసుకుంటున్నాడు.

"వెనక్కి చూడకు" అంది.

నేనిక్కడే ఉన్నానురా అనాలనిపించింది. అది రెండో మాట అవుతుంది. మింగేసింది.

రెండో చుట్టులో ఒకసారి చూశాడు. మూడో చుట్టులో చూడలేదు. వాలు మొదలయ్యేచోట రెండు కాళ్ళూ నేలమీంచి లేచాయి. సైకిలు గడ్డిని సరసర కోసుకుంటూ పోయింది, పది గజాలు, ఇరవై గజాలు. పిల్ల పక్కనే పరుగెత్తింది. వాలు అడుగున అతను బ్రేకు సంగతి మరిచిపోయి, పొదలోకి పోయి, పక్కకు ఒరిగి పడ్డాడు. మరదలు దూదితో సహా లేచింది. పడినవాడు పడినచోటే వెల్లకిలా పడుకుని, కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. అక్క హెల్మెట్ పట్టీ బిగుతుగా ఉన్నట్టు గడ్డం కింద తడుముకుంటూ, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

కోచ్ అట్టమీద ఏదో రాసి, దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. "ఒక్కటే చెప్పారు. అదీ సరైందే చెప్పారు. నెగ్గినట్టే."

చెట్టునీడలో నలుగురూ కూర్చున్నారు. మరదలు మొగుడి మోచేతికి అయోడిన్ రాస్తూ అక్కవైపు చూసి, "నొప్పేసిందా వదినా, పన్ను విరిగినప్పుడు?" అంది. "వేసింది" అంది అక్క. మరదలు ఇంకేం అడగాలో తెలీక సీసా మూత తెరిచి, ముందు వదినకు అందించింది. తాగింది. పిల్ల తండ్రి జుట్టులోంచి గడ్డిపరకలు ఏరుతోంది. చాలాకాలం తర్వాత నలుగురూ ఒకచోట కూర్చున్న ఆదివారం అది.

తమ్ముడు మోచెయ్యి ఊదుకుంటూ, మనసంతా తేలికైపోయి, హుషారుగా అన్నాడు.

"కోర్సు అయిపోయింది, నెగ్గావు కూడా. వచ్చే ఆదివారం నుంచి ఈ ఎండలో పడి తిరగక్కర్లేదక్కా. హాయిగా ఇంట్లోనే ఉందువుగాని."

"ఎవరితో?" అంది అక్క.