ఎర్ర కవరులో ఏడు కార్డులు

దయ్యాలంటే నాకు భయం లేదు. తైవాన్ దేశంలో, తైనాన్ ఊళ్లో ఒక బిజినెస్ కాలేజీ లైబ్రరీ గుమ్మం దగ్గర ఇరవై రెండేళ్లు కాపలా కూర్చున్నవాణ్ణి. మా పంచాంగం ప్రకారం ఏడో నెలలో చచ్చినవాళ్ల లోకం తలుపులు తెరుచుకుని వాళ్లంతా వీధుల్లో పడ్డప్పుడు కూడా నా కాలు వణికింది లేదు. వచ్చింది దయ్యమైనా సరే, లైబ్రరీ కార్డు చూపించందే లోపలికి వదల్లేదు.

చుంగ్-యెన్ సంగతి వేరు. ఎం.బి.ఏ. రెండో ఏడు కుర్రాడు. చెరుకుగడలా పొడుగ్గా ఉంటాడు, గుండె మాత్రం చింతగింజంత. దయ్యాలకన్నా వాడికి కేసులంటే ఎక్కువ భయం. కేసంటే కోర్టుది కాదు. ఏదో కంపెనీ ఏదో చిక్కులో పడ్డ వైనం ముప్పై పేజీలు రాసి, చివర్న ‘నువ్వైతే ఏం చేస్తావు?’ అని అడుగుతారు. వాడి తెలివికి లోటు లేదు, చదవడమే రాదు. ముఖ్యమైనవి గుర్తు పెట్టుకోవాలని పసుపు పెన్నుతో పేజీ అంతా పూసేస్తాడు. చివరికి పూయడం మరిచిన వాక్యమే ముఖ్యమైనదిలా కనబడుతుంది.

థీసిస్ ప్రపోజల్ ఒకసారి ముగ్గురు ప్రొఫెసర్ల ముందు పెట్టి బోర్లాపడ్డాడు. ఏడో నెల ఆఖరి శుక్రవారం మళ్లీ నిలబడాలి. ఈసారీ పోతే పేరు కొట్టేస్తారు. ఇక నాన్నగారి బోల్టుల ఫ్యాక్టరీలో నూనె గుడ్డలు పిండుకోవడమే.

ఆ నెల మొదటివారంలో ఒక మధ్యాహ్నం వాన. గేటు దగ్గర బల్లల మీద దయ్యాలకు బిస్కెట్లు, టీ డబ్బాలు పేర్చి, వాళ్ల ఖర్చులకని నోట్లలాంటి కాగితాలు ఇనప డ్రమ్ములో కాల్చారు. ఆ బూడిద వానలో నల్లటి సీతాకోకల్లా ఎగిరి లైబ్రరీ అద్దాలకు అంటుకుంటోంది. మూడో అంతస్తులో, అలమరల మధ్య, నేల మీద ఒక ఎర్ర కవరు కనిపిస్తే చుంగ్-యెన్ వంగి తీశాడు.

తీశాక గుర్తొచ్చింది, తీయకూడదని.

లోపల ఒక అమ్మాయి పాస్‌పోర్ట్ సైజు ఫోటో. రెండు పొడుగాటి తలవెంట్రుకలు. అట్టముక్కల్లాంటి ఏడు కార్డులు.

చెమటలు కక్కుతూ నాయనమ్మకు ఫోన్ చేశాడు. పెళ్లికాకుండా పోయిన పిల్ల ఫోటో, వెంట్రుకలు ఎర్ర కవరులో పెట్టి దారిలో పడేస్తారనీ, తీసినవాడే పెళ్లికొడుకనీ ఆవిడ తాపీగా చెప్పింది. పారేస్తే ఆ పిల్ల నొచ్చుకుంటుందట. మర్యాదగా దగ్గర పెట్టుకోమంది.

“పిల్ల బావుందా?” అని కూడా అడిగింది.

బావుంది. అదే వాడి బాధ.

దయ్యం ఏం రాసిందోనని కార్డులు తిప్పాడు. మొదటి దాని మీద: ‘ఈ కేసులో నిర్ణయం తీసుకోవాల్సింది ఎవరు? ముందు అది తేల్చు.’ రెండోది: ‘అతని భయం ఏమిటి?’ మూడోది: ‘కాగితం మధ్యలో గీత గీయి. ఒక పక్క రుజువు, ఒక పక్క ఊహ.’ నాలుగోది: ‘నీ వాదనకు ఎదురువాదన నువ్వే రాయి.’ ఐదోది: ‘పుస్తకం మూసి, చదివింది పైకి చెప్పు.’ ఆరోది: ‘ఎవరి మాట తీసుకున్నా వాళ్ల పేరు చెప్పు.’ ఏడోది కాస్త పసుపెక్కిన అట్ట, అక్షరాలు ఎడమకు వాలి ఉన్నాయి: ‘తెలియనిది బతికున్నవాళ్లను అడుగు.’

వాడు కవరు మూసి సంచి అడుగున పెట్టాడు. అయినా మరునాడు భయంభయంగానే మొదటి కార్డు ముందు పెట్టుకుని ఒక కేసు తెరిచాడు. ముప్పై పేజీలూ ఒక మనిషి కథలా నడిచాయి. పసుపు పెన్ను మూత తీయలేదు. వారం తిరిగేసరికి, ఎవరి దగ్గర ట్యూషన్‌కి వెళ్తున్నావయ్యా అని గైడు ప్రొఫెసర్ అడిగారు. వాడు కవరును సంచిలో ఇంకాస్త లోపలికి తోశాడు.

ఇక్కణ్ణుంచే అసలు గొడవ. రోజూ నాలుగు గంటలకు, వాన మబ్బుకు గదంతా బూడిదరంగు తిరిగే వేళ, అలమరల చివర ఒక ఆడమనిషి కనిపించేది. నడుం సగానికి వంచి, జుట్టంతా ముఖం మీదికి వేలాడేసి, నేలను చూస్తూ, చప్పుడు లేకుండా నడిచేది. వీడు లేచి చూసేలోగా ఆ వరుసలో ఎవరూ ఉండేవారు కాదు. నేల మీద మాత్రం తడి మరక.

పన్నెండో రోజు నన్ను తోడు తీసుకెళ్లాడు. ఉరుముకు లైట్లు ఒక్కసారి ఆరి వెలిగాయి. నల్లబడ్డ కిటికీ అద్దంలో, మా వెనకాల, ఒక ముఖం. ఫోటోలోని ముఖమే.

మొదట్లో నా కాలు వణకదని ఏదో అన్నాను కదా, అది కొట్టెయ్యండి. చుంగ్-యెన్ కన్నా ముందు మెట్లు దిగింది నేనే. ఒక చెప్పు ఇప్పటికీ దొరకలేదు.

వాడు మాత్రం కింద బల్ల దగ్గర కూర్చుని, కాగితం తీసి మధ్యలో గీత గీశాడు. ఊహ పక్కన ‘చనిపోయింది’ అని రాశాడు. రుజువు పక్కన ‘నేల మీద తడి’ అని రాసి ఆగాడు. తడి దేనిది? గొడుగుది. దయ్యానికి గొడుగెందుకు? ఏడో కార్డు తీసి ఇంకోసారి చదివి, ఒంటరిగా మెట్లెక్కాడు. కాలేజీలో సీనియర్ అమ్మాయిలను అక్కా అని పిలవడం మర్యాద. ఏ దయ్యమైనా తనకు సీనియరే అనుకున్నాడు కాబోలు.

“అక్కా, ఒక్క మాట. మీరు బతికే ఉన్నారా?”

వంగిన మనిషి లేచి, జుట్టు వెనక్కి తోసుకుంది. “ఈ సెమిస్టర్ అయ్యేదాకా ఉందామనే అనుకుంటున్నా. ఎందుకు?”

వాడు ఎర్ర కవరు చాపాడు. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

“నీ దగ్గరుందా! పన్నెండు రోజులుగా నడుం విరిగేలా వెతుకుతున్నానురా బాబూ.”

ఆమె పేరు థాంగ్ పెయ్-రోంగ్. కొత్తగా చేరిన వాళ్లకు కేసులు చదవడం నేర్పే క్లాసు తీసుకోబోతోంది. దానికోసం రాసుకున్న కార్డులవి. కొత్త సంవత్సరానికి పిల్లలకు డబ్బులు పెట్టిచ్చే ఎర్ర కవర్లలో మిగిలినదాంట్లో పెట్టుకుంది, స్కాలర్‌షిప్ ఫారానికి తీయించిన ఫోటోతో సహా. ఎవరైనా దగ్గరికొస్తే సిగ్గేసి పక్క వరుసలోకి తప్పుకునేదట.

“నోటీసు పెట్టొచ్చుగా?”

“ఏమని? ఈ నెలలో ‘నా ఎర్ర కవరు తీసిన అబ్బాయి వచ్చి కలవండి’ అని పెడితే ఎవడొస్తాడు?”

“నేనొచ్చానుగా. తీసినవాడు పెళ్లి చేసుకోవాలట, మా నాయనమ్మ చెప్పింది.”

“అది చచ్చినవాళ్ల రూలు.”

“బతికున్నవాళ్లకి?”

పెయ్-రోంగ్ ఫోటో మాత్రం తీసుకుని, కార్డులు వాడి చేతిలోనే ఉంచింది. “ముందు ప్రపోజల్ గట్టెక్కు. తర్వాత ఆ అక్కా అనడం మానెయ్. మిగతా రూళ్లు అప్పుడు చూద్దాం.”

శుక్రవారం నాడు ఆమె వెనక వరుసలో కూర్చుంది. ప్రొఫెసర్లు అడగబోయిన ఎదురువాదన వాడే ముందు చెప్పి, వాడే విప్పాడు. ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఆఖరి స్లైడులో, ఎవరెవరి మాటలు వాడుకున్నాడో ఆ జాబితాలో, పెద్ద పెద్ద పుస్తకాల కింద ఒక వరుస ఉంది: ‘థాంగ్ పెయ్-రోంగ్, చేతిరాత కార్డులు, ఏడు. ఇవి లేకపోతే నేను లేను.’

గదంతా నవ్వింది. పెయ్-రోంగ్ ముఖం ఆ కవరంత ఎర్రబడింది. అందరూ వెళ్లాక దగ్గరికొచ్చి, వాడి చెయ్యి పట్టుకుంది. వాడు వెంటనే నాయనమ్మకు ఫోన్ కలిపాడు. చెయ్యి వెచ్చగా ఉందా అని ఆవిడ అడిగింది. ఉందన్నాడు. అయితే ఆదివారం భోజనానికి తీసుకురమ్మంది.

ఫోన్ పెట్టేశాక పెయ్-రోంగ్ నెమ్మదిగా అంది, “స్లైడులో ఒక తప్పుంది. నేను రాసింది ఆరు కార్డులే.”

వాడు ఏడోది తీసి చూపించాడు. ఆమె తిప్పి తిప్పి చూసి, అది తన రాత కాదంది. బయట వాన ఆగి ఉంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది, ఒప్పుకుంటాను. ఆ కవరులో తలవెంట్రుకలు లేవు. మీకు కాస్త వణుకు పుట్టాలని వేశాను. ఏడో కార్డు కూడా నా పనేనంటారు మా ఇంట్లోవాళ్లు. ఊరి బడి చదువువాణ్ణి, అంత మంచి మాట నాకెక్కడ తడుతుంది?