వేడెక్కని టర్బో

ప్రభుత్వ ల్యాబ్ స్ట్రాంగ్‌రూమ్ సేఫ్‌లో ఉండాల్సిన క్షిపణి ఇంజిన్ చక్రం మాయమైపోయి, దాని స్థానంలో ఏ కారు షెడ్డులోనైనా దొరికే పాత టర్బో చక్రమొకటి తాపీగా కూర్చుని ఉంది.

చీఫ్ దాన్ని రుమాలుతో పట్టుకొచ్చి టేబుల్ మీద పెట్టాడు. పిడికిలంత చక్రం. రెక్కల అంచుల మీద మసి, మధ్యలో మాడిన నూనె మరక.

“చూసి చెప్పు.”

ఏజెంట్ ముంగిస వంగి చూశాడు. అతని అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ గుర్తులేదు. ఇంట్లోవాళ్ళ దృష్టిలో మాత్రం అతనొక ఇన్సూరెన్స్ కంపెనీ గుమాస్తా.

“పాత స్పోర్ట్స్ కారుది సార్. ఇంజిన్ వదిలే వేడిగాలికి ఇది గిర్రున తిరిగి, బయటి గాలిని ఇంజిన్‌లోకి దట్టిస్తుంది. దాంతో కారు ఒళ్ళు తెలియకుండా పరిగెడుతుంది. ఎవరో దీన్ని పీకేసి కొత్తది బిగించుకున్నారు.”

“సేఫ్ లోపలి ట్రే బరువు చూసుకుంటూ ఉంటుంది. గ్రాము తేడా వచ్చినా అలారం మోగాలి. మోగలేదు. తలుపు బద్దలు కాలేదు. తాళం, కార్డు ఒక్కరి దగ్గరే ఉంటాయి.” చీఫ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మీ అక్క దగ్గర.”



పోయిన చక్రంలోని, ఎంత వేడికీ వంగని లోహాన్ని తయారు చేసింది అక్కే. పిల్లల్లేని ఆవిడ ఆ చక్రాన్నే పిల్లలా పెంచిందని ల్యాబ్‌లో జోకులు వేసుకునేవారు.

“పోయిందని మీకు చెప్పిందెవరు సార్?”

“ఆవిడే. సెలవులో ఉండి కూడా మనసాగక పొద్దున్నే వచ్చిందట. చేత్తో పట్టుకోగానే తనది కాదని తెలిసిపోయిందట.”

“దొంగే వచ్చి దొంగతనం జరిగిందని చెబుతుందా?”

“తెలివైన దొంగైతే ముందు ఆ పనే చేస్తుంది. ఈ మాట నాది కాదు, పైవాళ్ళది. సాయంత్రంలోగా చక్రం దొరక్కపోతే దేశద్రోహం కింద కేసు పెడతారు. నిజానికి నిన్ను ఈ పనిలో పెట్టకూడదు. కానీ ఇంజిన్ల సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే ఉన్నావు.”

వరండా చివరి గది అద్దంలోంచి ముంగిస అక్కని చూశాడు. అటునుంచి ఆవిడకి ఏమీ కనబడదు. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటోంది.

చీఫ్ ఒక కాగితం ముక్క చూపించాడు. పంపింది సీతాకోక. కార్ రేసుల్లో పేరు మోసిన అందగత్తె. గాజుకన్ను అనే విదేశీ ముఠా దగ్గర ఒక జీతం, మన దగ్గర ఒక జీతం తీసుకుంటుంది. ఆవిడ ఎవరి మనిషో చీఫ్‌కి కూడా పూర్తి నమ్మకం లేదు.

‘సరుకు ఇవాళే ఓడ ఎక్కుతుంది. పెట్టెలో కాదు. తన కాళ్ళ మీద తనే వస్తుంది.’

“క్లాసిక్ కార్ల ర్యాలీ!” అన్నాడు ముంగిస. “మధ్యాహ్నం కార్లన్నీ ఓడెక్కి అవతలి దేశం వెళ్తున్నాయి. టర్బో చక్రాన్ని దాచడానికి టర్బో కంటే మంచి చోటేముంది సార్?”

“ఓడలో పోర్టర్లుగా మనవాళ్ళుంటారు. కానీ కారు ర్యాంపు దాటి ఓడలోకి వెళ్ళిందంటే అది వాళ్ళ దేశపు నేల కింద లెక్క. అక్కడ నట్టు విప్పే హక్కు కూడా మనకుండదు.” చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. “ఆ లోహం దగ్గరికి రాగానే దీనికి ఎర్రదీపం వెలుగుతుంది.”

హార్బర్‌లో ఆ పెన్ను గేటు దగ్గర వెలిగింది, క్రేను దగ్గర వెలిగింది, టీ కెటిల్ దగ్గర కూడా వెలిగింది. ముంగిస దాన్ని తిట్టుకుని జేబులో పడేశాడు.

నెరిసిన గడ్డం, లావుపాటి కళ్ళద్దాలు, నారింజరంగు ఓవరాల్స్. ఇప్పుడతను ర్యాలీ టెక్నికల్ ఇన్‌స్పెక్టర్. ఎదురుగా సముద్రం, ఓడ తెరిచిన నోరు, ఆ నోట్లోంచి నాలుకలా బయటికి వచ్చిన ఇనప ర్యాంపు. ఇటు కార్ల బారు.

చెకింగ్ కష్టమనుకున్నాడు. తీరా చూస్తే ఆపడమే కష్టమైంది. అడక్కముందే ప్రతివాడూ బానెట్ ఎత్తేస్తున్నాడు.

“చూడండి సార్, ఈ పైపు చూడండి! సొంతంగా వంచాను!”

“చూశానండీ.”

“అలా కాదు, ఇటొచ్చి చూడండి! టర్బో పాతదే, బేరింగులు కొత్తవి. ఒక్కసారి స్టార్ట్ చేస్తాను, ఈల వినండి...”

“విన్నానండీ బాబూ!”

“ఇంకా స్టార్టే చెయ్యలేదు కదండీ!”

ఒకాయనైతే టర్బో ఫోటో పర్సులో పెట్టుకు తిరుగుతున్నాడు. భార్య ఫోటో దాని వెనకాల ఉంది.

కార్లు ఒక్కొక్కటే ఓడెక్కుతున్నాయి. దేంట్లోనూ ఏమీ లేదు. ఓడ మొదటి కూత వేసింది.

అప్పుడొచ్చింది ఎర్రకారు, కొండరోడ్డు మీంచి దుమ్ము రేపుకుంటూ.

స్టీరింగ్ దగ్గరున్నది బావ. అక్క మొగుడు.

పొద్దున ఆ పాత చక్రం చూసినప్పుడు బావ గుర్తురాలేదా అంటే, వచ్చాడు. కారుకి టర్బో మారుస్తున్నానని ఆర్నెల్లుగా చెవులు చిల్లులు పడేలా చెబుతున్నాడు మరి. కానీ ఆ పిచ్చి ఉన్నవాళ్ళు ఇక్కడే ఇంతమంది ఉన్నారు. పైగా సొంత బావ. తూకం యంత్రాలు రిపేరు చేసుకునే బుద్ధిమంతుడు. ముంగిస ఆ ఆలోచనని అక్కడే తొక్కిపెట్టాడు.

బావ పక్క సీట్లో నల్లకళ్ళద్దాలు, నీలం గ్లవ్స్. సీతాకోక!

“నమస్కారమండీ. కాస్త త్వరగా కానివ్వండి,” అన్నాడు బావ. గడ్డం వెనకున్న బావమరిదిని పోల్చుకోలేదు.

ముంగిస గొంతు మార్చాడు. “టర్బో అప్‌గ్రేడ్ చేయించినట్టున్నారు?”

“అవునండీ.”

“ఎలా ఉంది?”

“బాగానే ఉందండీ.”

అంతే. మరో మాట లేదు.

బాగానే ఉందా? పాలవాడిని గుమ్మంలో నిలబెట్టి బూస్ట్ ప్రెషర్ గురించి క్లాసు పీకే మనిషి! పరామర్శకి వెళ్ళిన ఇంట్లో కూడా అందరినీ వీధిలోకి తీసుకొచ్చి బానెట్ ఎత్తి చూపించిన మనిషి! ఆర్నెల్ల కల పండి కొత్త టర్బో బిగించుకుని, ఇంజిన్ చూడ్డానికే జీతం తీసుకునే ఇన్‌స్పెక్టర్ ఎదురుగా నిలబడి అడుగుతుంటే, చెయ్యి బానెట్ వైపు కూడా పోలేదు.

అందులో కొత్త టర్బో లేదు.

“బానెట్ ఎత్తండి.”

“సీలు వేయించేశామండీ. మళ్ళీ విప్పితే ఓడ వెళ్ళిపోతుంది.”

ముంగిస సీతాకోక వైపు తిరిగాడు. కోడ్ ప్రశ్న వేశాడు. “పొగ ఏ రంగులో వస్తోందమ్మా?”

‘రంగు కాదు, వాసన చూడండి’ అని రావాలి జవాబు. మనిషి మనవైపే ఉంటే.

“పొగ సంగతి నాకేం తెలుసు? నేను దారి చూపించేదాన్ని,” అంది సీతాకోక విసుగ్గా. ఆవిడ ఒళ్ళోని హ్యాండ్‌బ్యాగ్ మెల్లగా అతని వైపు తిరిగింది. సందులోంచి పిస్టల్ మూతి కనబడింది. “తప్పుకుంటారా?”

ఓడ రెండో కూత వేసింది. ర్యాంపు గొలుసులు కిర్రుమన్నాయి. మిగిలింది ఈ ఒక్క కారే.

ఈవిడ అటువైపు తిరిగిపోయింది. పెన్ను పనికిరాదు. తుపాకీ తియ్యడానికి చెయ్యి కదిలిస్తే ముందు పేలేది ఆవిడదే. ముంగిస దగ్గర మిగిలింది ఒక్కటే. గడ్డం పీకి పారేశాడు.

“బావా.”

బావ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. “నువ్వా! నువ్వు... ఇన్సూరెన్స్ కదరా?”

“అక్కని పొద్దున్నుంచి కూర్చోబెట్టారు. సాయంత్రం దేశద్రోహం కేసు. తాళం ఆవిడదే కదా.”

“మీ అక్కనా? సెలవులో కదా ఉంది! దేవుడి గదిలో...” బావ ముంగిసని చూశాడు. ఓడని చూశాడు. ర్యాంపు చివర అంగుళం లేచింది.

“దిగు బావా.”

బావ యాక్సిలరేటర్ తొక్కాడు.

ఎర్రకారు ఎగిరి దూకింది. ముంగిస పక్కకి దొర్లాడు. కారు ర్యాంపు వైపు దూసుకుపోతోంది. అంత వేగంలోనూ టర్బో ఈల వినబడలేదు. ఇక అయిపోయింది అనుకుంటుండగా టైర్లు కీచుమన్నాయి. కారు వెనకభాగం విసురుగా తిరిగి, ముందు చక్రాలు ర్యాంపు మీద, వెనక చక్రాలు నేలమీద ఉండగా ఆగిపోయింది.

కిటికీలోంచి నీలం గ్లవ్ బయటికొచ్చింది. వేళ్ళ మధ్య కారు తాళంచెవి. రెండో చెయ్యి ఇంకా హ్యాండ్‌బ్రేక్ మీదే ఉంది.

“డాష్‌బోర్డులో వాళ్ళ మైక్రోఫోన్ ఉందయ్యా మగడా!” అంది సీతాకోక, దాని వైరు తెంపి పారేస్తూ. “నీ కోడ్‌కి జవాబిస్తే ఓడలో ఉన్న గాజుకన్ను మనిషి పారిపోయేవాడు. సరుకు ఈ కారులో ఎక్కడుందో నాకూ చెప్పలేదు. వాసన చూడు, పో!”

ఓడలో కేకలు. పోర్టర్లు ఒక లావుపాటి మనిషిని రెక్కలు విరిచి ర్యాంపు మీదికి తీసుకొస్తున్నారు.

ముంగిస సీలు తెంపి బానెట్ ఎత్తాడు. కొండరోడ్డు మీంచి తరుముకొచ్చిన ఇంజిన్. టర్బో నిప్పుకణికలా ఉండాలి. దాని ఇనప గుల్ల మీద అరచెయ్యి ఆన్చాడు.

పడుకున్న పిల్లి వీపులా గోరువెచ్చగా ఉంది.

వేడిగాలి దాంట్లోకే పోవడం లేదు. ఎవరో పైపుని చాటుగా పక్కకి మళ్ళించారు. బోల్టులు విప్పాడు. లోపల, కారు తుడిచే పచ్చగుడ్డలో, అక్క చక్రం మచ్చ లేకుండా మెరుస్తోంది.

చీఫ్‌కి ఫోన్ చేశాడు. “దొరికింది సార్. ముందు అక్కని ఇంటికి పంపండి.”

“ఊరికే పంపమంటే పైవాళ్ళు ఒప్పుకోరు. ఎవరు చేశారో, ఎలా చేశారో చేసినవాడి నోటితోనే చెప్పించు. వింటున్నాను.”

ముంగిస ఫోన్ బావ ముందు పట్టుకున్నాడు. “అక్క కోసం, బావా.”

బావ కారు దిగి ర్యాంపు అంచు మీద చతికిలబడ్డాడు. ఎర్రకారునే చూస్తూ మొదలుపెట్టాడు.

“నేనే చేశాను. మా ఆవిడకేమీ తెలియదు. సెలవులో ఉంది కదా, తాళం, కార్డు దేవుడి గదిలో పెట్టింది. నిన్న తీసుకెళ్ళి, మళ్ళీ అక్కడే పెట్టేశాను. ల్యాబ్‌లో తూకాలన్నీ సర్వీసు చేసేది నేనే, సేఫ్ ట్రేతో సహా. నన్నెవరు ఆపుతారు? నా పాత చక్రం అడుగున సీసం కరిగించి పోశాను. గ్రాము తేడా లేదు. అంత నాజూకు పని నా జన్మలో చెయ్యలేదు, చెప్పుకోవడానికి మాత్రం మనిషి లేడు. సెలవయ్యేదాకా సేఫ్ ఎవరూ తెరవరనుకున్నాను. చేత్తో పట్టుకు చూడ్డానికని పనిగట్టుకుని వెళ్తుందని నాకేం తెలుసు? డబ్బిస్తామన్నారు, ఛీ పొమ్మన్నాను. తర్వాత ఒక ఫోటో చూపించారు. ఈ కారు పుట్టిన ఏడాది రేసింగ్ టీమ్ కోసం చేసిన టర్బో. పెట్టె కూడా విప్పలేదు. ఓడెక్కాక చేతికిస్తామన్నారు. దేశాన్ని అమ్ముతున్నానని అప్పుడు తోచలేదు. పార్టుకి పార్టు మార్చుకుంటున్నాననే అనుకున్నాను. ఇందాక మా బావమరిది వాళ్ళక్క పేరు చెప్పినప్పుడు నా కాలు బ్రేకు మీదే ఉంది. తీసింది నేనే. నన్నెవరూ తొయ్యలేదు. అది కూడా రాసుకోండి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఒరేయ్, ఒక్కమాట... ఆ పెట్టె ఓడలోంచి దించారా? బేడీలు వేసేముందు ఒక్కసారి మూత తియ్యమనరా.”