గోరంత బొమ్మలో పెద్దది

ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ గ్లాసులు కడగకముందే ఒక పరీక్ష జరిగేది. చిన్న కూతురు, ఇంట్లో పిలిచేది చిన్నది అని, ఒక గేముల కంపెనీకి ఇంటి నుంచే బొమ్మలు గీస్తుంది. ఆట లోపలి బొమ్మలు కావు. ఫోన్‌లో స్టోర్ తెరిస్తే ఆట పేరు పక్కన గోరంత కనపడుతుందే, ఆ థంబ్‌నెయిల్. జనం దాన్ని చూసే ఆటని దించుకోవడమో దాటిపోవడమో చేస్తారు. అందుకని చిన్నది తన బొమ్మని గోరంతకి కుదించి, వేరే ఆటల బొమ్మలు పాతిక చుట్టూ పేర్చి, తల్లి ముందు పెట్టి, ఒకటి అని లెక్కపెట్టేలోగా ఫోన్ వెనక్కి లాగేసేది.

"ఏం కనపడింది?"

ఆ వేళ ఆట ఇల్లు సర్దుకునే ఆట. దానికి మూడు రకాల బొమ్మలు గీసింది.

"చీపురు పట్టుకున్న పిల్ల. మనింట్లో లేని రకం," అంది తల్లి.

"సరేలే. ఇది?"

రెండో బొమ్మ చూపించి లాగేసింది. తల్లి చేతిలో గ్లాసు వంగి కాఫీ చీర మీద కారుతోంది, ఆవిడకి తెలియడం లేదు.

"అమ్మా, కాఫీ! ఏం కనపడిందే?"

"కిటికీలో పెద్దది ఉంది."

పెద్దది అంటే అక్క. అక్క పోయి మూడేళ్ళు. తొమ్మిది రోజుల జ్వరం, అంతే. ఆ తరవాత ఆ ఇంట్లో ఆ పిలుపు వినపడలేదు.

"నువ్వు నిద్ర చాలక ఏదో అంటున్నావు," అని గదిలోకి వెళ్ళి కంప్యూటర్‌లో బొమ్మని పెద్దది చేసి చూసింది. కిటికీ ఉంది. పసుపు పరదా ఉంది, ఒక లైటు ఉంది, పూలకుండీ ఉంది. మనిషి ఎక్కడుంది? హమ్మయ్య అనుకుని బొమ్మని మళ్ళీ గోరంతకి కుదించింది.

పరదా మడత చెంపయింది. లైటు నుదురయింది. కుండీ నీడ కాస్త తెరుచుకున్న నోరయింది. అక్క కిటికీలోంచి నేరుగా తనవైపే చూస్తోంది, ఏదో అనబోతున్నట్టు.

చటుక్కున ఫైలు మూసేసింది. తన చెయ్యే గీసింది కదా! పరదా మడతలు ఎన్నో గీసింది ఈ చెయ్యి, ఎప్పుడూ ఇలా కాలేదు. ఇంకో ఫైలు తెరిచినా, వేరే పని పెట్టుకున్నా, వీపు వెనక ఎవరో నిలబడ్డట్టే ఉంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది కూడా.

తొమ్మిదిన్నరకి మూడు బొమ్మలూ కంపెనీకి పంపక తప్పలేదు. అక్కడ వాటిని కొన్ని వేలమందికి చూపించి ఎవరు దేని మీద నొక్కుతున్నారో చూస్తారు. సాయంత్రానికి ఒకటి ఖాయం చేస్తారు.

మధ్యాహ్నం తండ్రి భోజనానికి వచ్చేసరికి తల్లి బల్ల దగ్గర కూర్చుని ఉంది. చిన్నదాని ఫోన్‌ని నీళ్ళ చెంబుకి ఆనించి, దాని ఎదురుగా కంచం పెట్టుకుని తింటోంది. మూడేళ్ళుగా కోడిపిల్లలా నాలుగు మెతుకులు ఏరుకునే మనిషి రెండోసారి వడ్డించుకుంటోంది. పైగా ఫోన్‌తో, "కూరలో ఉప్పు తగ్గిందే ఇవాళ," అని చెబుతోంది.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఎవరితోనే?"

"మీరే చూడండి."

ఆయనది కళ్ళద్దాల షాపు. పొద్దస్తమానం గోడమీది అక్షరాలు చూపించి, ఇది కనపడుతుందా, అది కనపడుతుందా అని అందర్నీ అడిగే మనిషి. ఫోన్ తీసుకున్నాడు, చెయ్యి చాచి దూరంగా పెట్టాడు, దగ్గరికి తెచ్చాడు. మొహం పాలిపోయింది.

"నాకేం కనపడటం లేదు. పరదా."

"ఊరందరి చూపూ సరిచేస్తారు, సొంత కూతురు కనపడటం లేదా మీకు?"

"చిన్నీ! ముందు ఆ బొమ్మ తీసెయ్. మళ్ళీ మొదలవుతుంది దీనికి. మళ్ళీ తిండి మానేస్తుంది, మళ్ళీ..."

"ఇవాళేగా తింటున్నాను!" అని అరిచింది తల్లి. ఆ గొంతు అంత పైకి లేచి ఎన్నాళ్ళయిందో. తరవాత మెల్లిగా, గదిలోంచి వచ్చిన చిన్నదాని చెయ్యి పట్టుకుంది. "ఇది నా ఫోన్‌లోకి పంపించవే. జాగ్రత్తగా పంపు. అప్పుడు ఫోన్ పాడైపోయి దాని ఫొటోలన్నీ పోయాయి చూడు, అలా అవకుండా."

చిన్నది తన చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఫోన్ పాడవలేదమ్మా."

"చిన్నీ, ఊరుకో," అన్నాడు తండ్రి.

"ఊరుకోను నాన్నా, నావల్ల కాదు. ఫోన్ పాడవలేదమ్మా. నువ్వు పడుకున్నప్పుడు నేనే తీసేశాను. ఒక్కొక్కటే. నీ ఫోన్‌లోవి, మా దగ్గర లేవని అబద్ధం చెప్పి నాన్న ఫోన్‌లోవి, నా ఫోన్‌లోవి. అన్నీ."

తండ్రి కుర్చీ లాక్కున్నాడు కానీ కూర్చోలేదు.

"దాన్ని అనకు. నేనే తియ్యమన్నాను. నువ్వు రోజంతా ఆ ఫోన్ చూస్తూ, నీళ్ళు కూడా ముట్టకుండా... ఒకరు ఎలాగూ పోయారు, ఇంకొకర్ని కూడా పోగొట్టుకోలేనే. నువ్వు ఇల్లంతా వెతికిన ఆల్బమ్ కూడా నేనే. చెత్తడబ్బాలో పడేశాను. తెల్లారి మనసాగక పరిగెత్తుకెళ్ళాను. అప్పటికే బండి వచ్చి పట్టుకుపోయింది."

తల్లి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నారు. ఏడుస్తుందనుకున్నారు.

"మూడేళ్ళు," అంది చివరికి, "మూడేళ్ళు ఆ ఫోన్‌ని తిట్టుకున్నాను. పాపం దాని తప్పేం లేదన్నమాట."

చుట్టాల దగ్గర పెళ్ళిళ్ళ గుంపు ఫొటోలు కొన్ని ఉన్నాయి. వాటిలో పెద్దదాని మొహం చింతగింజంత. అది తప్ప ఆ పిల్ల రూపం ఇంకెక్కడా లేదు. ఇప్పుడీ కిటికీలో ఉంది.

అంతలో కంపెనీ మేడమ్ నుంచి కాల్. కన్నీళ్ళకి తెర కనపడక చిన్నది ఏం నొక్కిందో, ఆవిడ గొంతు గదంతా వినిపించింది.

"నీ రెండో బొమ్మ దూసుకుపోతోందమ్మాయ్! కిటికీలో ఎవరో ఉన్నట్టుందిట, ఎవరా అని అందరూ వేలు పెట్టి నొక్కుతున్నారు. అదే ఖాయం చేసేస్తున్నాం. లక్షలమంది నొక్కుతారు చూడు!"

తల్లి లేచి నిలబడింది.

"వద్దని చెప్పవే."

"అమ్మా?"

"దాన్ని అక్కణ్ణించి తియ్యి. ఊళ్ళోవాళ్ళంతా నా పిల్ల మొహం మీద వేలు పెట్టి పొడవడమేమిటి? జ్వరంలో కూడా సూదులు పొడిచారు చాలు."

"తీసేస్తే మరి... ఇంకెక్కడా లేదమ్మా."

"తియ్యమన్నానా! వాళ్ళ వేళ్ళు పడ్డ బొమ్మ నాకూ వద్దు."

చిన్నది మేడమ్‌కి, అందులో ఒక తప్పుంది, సరిచేసి పంపుతాను అని చెప్పింది. అవతల ఆవిడ ఇదేం పోయేకాలం, గెలిచేదాన్ని పాడుచేస్తానంటావేంటి అని గొణుక్కుంది. చిన్నది గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది, వెనకే అమ్మా నాన్నా. లైటుని పక్కకి జరపడానికి రెండు క్షణాలు పట్టింది. చెయ్యి అక్కడిదాకా పోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. కుదించి చూస్తే పరదా, కుండీ, అంతే. ముగ్గురూ ఆ ఖాళీ కిటికీకేసి చూస్తూ నిలబడ్డారు.

ముందుగా నోరు తెరిచింది తండ్రి.

"నాకు... ఇందాక... కనపడింది," అన్నాడు. అని మొహం చేతుల్లో దాచుకున్నాడు. అక్క పోయిన రోజున కూడా ఏడవని మనిషి, కంప్యూటర్ బల్ల మీదకి వంగిపోయి, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చాడు. తల్లి ఆయన వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

చిన్నది కంప్యూటర్‌లో ఒక తెల్ల కాగితం తెరిచింది. తెర నిండా పట్టేంత పెద్దది. ఫొటోలు చెరిపిన చెయ్యి ఇది, దీంతో అక్కని ఎలా గీస్తానని మూడేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చింది. చెంప గీత గీసింది.

"చెంప అంత గుండ్రం కాదే దానికి," అంది తల్లి కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

"గుండ్రమే," అన్నాడు తండ్రి ముక్కు చీదుకుని. "అద్దాలు నేనే పెట్టాను దానికి. కొలతలు నాకు తెలీవా? ఎడమ కనుబొమ్మ కాస్త పైకి."

"ఆ అద్దాలు ఎప్పుడైనా పెట్టుకుందా అది? వద్దు, అద్దాలు గీయకు."

"ఎందుకు వద్దు? నీలం ఫ్రేము. నాతో పోట్లాడి మరీ తీసుకుంది!"

"పోట్లాడింది కాబట్టే పెట్టుకోలేదు!"

ఇద్దరూ అక్క గురించి గొంతులు పెంచి వాదించుకుంటున్నారు. చిన్నదానికి కన్నీళ్ళు కారుతూనే నవ్వొచ్చింది. చెరిపింది, గీసింది, మళ్ళీ చెరిపింది. పెదవులు రెండూ కలిపి ఒక గీత గీయబోతుంటే తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నోరు మూసి గీస్తావేంటే? అది నోరు మూసుకుని ఒక్కరోజైనా ఉందా ఈ ఇంట్లో?"