బొమ్మా? బొరుసా?

ప్లాంటు ఇంజనీరుని కుర్చీలోనే కాల్చి చంపారు. ఊరికంతటికీ నీళ్లు పంపే కంట్రోల్ రూమ్‌లో టైమర్ నడుస్తోంది. అది సున్నాకి వస్తే మెయిన్ పైపులో విషం కలుస్తుంది. టైమర్ ముందు నిలబడ్డ సీక్రెట్ ఏజెంట్ చెల్లెలు ఆ ఊళ్లోనే పసిబిడ్డకి పాలు కలుపుతూ ఉంటుంది. ఫోన్ లైన్లన్నీ ముందే కోసేశారు.

ప్లంబర్ వేషంలో లోపలికొచ్చిన ఈ ఏజెంట్‌ని ఆఫీసులో అనుమానప్పక్షి అంటారు. అతని ముందు టేబుల్ మీద రెండు ఎలక్ట్రానిక్ కీలున్నాయి, అచ్చం కవలల్లా. ఒకటి టైమర్‌ని ఆపుతుందట, రెండోది వాల్వుని అక్కడికక్కడే తెరుస్తుందట. విదేశీ ముఠా నుంచి వాటిని కొట్టుకొచ్చింది మెరుపు అనే డబుల్ ఏజెంట్. నల్ల గౌను, ఎర్ర లిప్‌స్టిక్, మొహాన చెమట చుక్కయినా లేదు.

"ఎడమది పెట్టు. తేడా నాకు తెలుసు. ఎలా తెలుసో చెప్పను," అంది.

"చెప్పొద్దు. రుజువు చెయ్యి."

ఆమెని గోడవైపు తిరగమన్నాడు. చేతిచాటున నాణెం ఎగరేశాడు. బొమ్మ పడితే కీలు తారుమారు చేశాడు, బొరుసు పడితే కదపలేదు. మార్చాడో లేదో ఆమె ఇటు తిరిగి చెప్పాలి. తేడా తెలియకపోతే గుడ్డి ఊహే దిక్కు, సగం సార్లు దొరికిపోతుంది. మెరుపు పదిసార్లు చెప్పింది. ఒక్కటీ తప్పలేదు.

"చాలించు నీ చాదస్తం. పెట్టెయ్," అని కసిరాడు పక్కనే నిలబడి అంతా చూస్తున్న అతని చీఫ్.

ఏజెంట్‌కి ఒళ్లు మండింది. ఇటు తిరిగిన ప్రతిసారీ ఆమె చూపు కీల కంటే ముందు చీఫ్ మొహం మీదికి పోతోంది.

"సార్, ఈసారి మీరూ అటు తిరగండి."

"నన్నే అనుమానిస్తావా?"

ఏజెంట్ పిస్టల్ తీశాడు. చీఫ్ గోడవైపు తిరిగాడు. ఈసారి మెరుపు ఒకటి తప్పు చెప్పింది, ఒకటి ఒప్పు, తర్వాత రెండూ తప్పు. నరాలు తెగుతున్నాయని సణిగింది.

ఆమెకి తేడా తెలియదు, తెలిసినట్టు నటింపజేసింది చీఫ్ సైగలే. ఊరిని చంపదలచినవాళ్లు మంచి కీ తెచ్చి టేబుల్ మీద పెట్టరు. రెండూ విషపు కీలే. మంచిది వీళ్ల దగ్గరే దాచి ఉండాలి. పెట్టిన చెయ్యి తనది కాబట్టి నిందా తనదే అయ్యేది. అసహ్యంతో పళ్లు కొరుకుతూ చీఫ్ కోటు వెతికాడు. లోపలి జేబులో మూడో కీ దొరికింది.

"అది పెట్టకు, అందరం చస్తాం," అంటూ చీఫ్ అతని మీదికి దూకాడు. చావు కీ అయితే ఆపేవాడే కాదు. ఏజెంట్ అతన్ని మోచేత్తో నెట్టి కీ దూర్చాడు. టైమర్ ఒకటి దగ్గర ఆగింది.

ఒకే జత సంకెళ్లు ఇద్దరికీ సరిపోయాయి. చీఫ్ వెకిలిగా నవ్వాడు.

"పదిసార్లూ గుడ్డిగానే కుదిరి ఉండొచ్చుగా?"

"వెయ్యిలో ఒక వంతు కుదరొచ్చు సార్. ఆ ఒక్క వంతుకీ నన్ను క్షమించండి. మిగతా తొమ్మిది వందల తొంభైతొమ్మిదికీ జైలుకి నడవండి."